ఓటి చెరువు

నీళ్లలో మునిగి లాగితే భుజాల దాకా బురద అయింది గాని తూములో కుక్కిన గోనె మాత్రం ఊడి రాలేదు. రంగనాథం చేతులు నీళ్లలో కడుక్కొని, గట్టు మీద కూలబడి దగ్గాడు. ఎస్టేటులో ఓవర్సీరు అతను. యాభై దాటాయి. బక్కపలచని ఒళ్లు, లోపలికి పోయిన బుగ్గలు. ఆఫీసులో అతన్ని మెచ్చుకున్నవాడూ లేడు, తిట్టినవాడూ లేడు.

సొంతంగా గీసి కట్టించింది ఈ చెరువొక్కటే. కొండ మీద వాన పడితే గెడ్డ ఒక్కసారిగా పొంగి, చీపురుపల్లి దిగువనున్న గుడిసెల పేటను ఊడ్చుకుపోయేది. ఆ వరదను పైనే ఆపి మెల్లగా వదలడానికి గెడ్డకు అడ్డంగా గట్టు వేయించి, అడుగున మూత లేని తూము పెట్టాడు. చెరువు ఖాళీగా ఉంటేనే వరదకు చోటు. అంతే సంగతి. నీళ్లు నిలవని చెరువేమిటని ఊరు నవ్వి, దానికి ఓటి చెరువని పేరు పెట్టింది. నవ్వి ఊరుకున్నా బాగుండేది. వరి పొట్టకొచ్చే వేళకు గోనెలో గడ్డీ బంకమన్నూ కూరి తూము మూసేస్తారు, గూడలు వేసి నీళ్లు తోడుకుంటారు. పైగా నిండిన చెరువుకు పసుపూ కుంకుమా! పేటవాళ్లు ఆ గోనె మీద చెయ్యి వెయ్యలేరు. వాళ్ల కూలి నరసింగరావు పొలాల్లోనే, చెరువు పక్క పొలాలు ముప్పాతిక అతనివే.

మధ్యాహ్నం రంగనాథం అతని అరుగు ముందు నిలబడ్డాడు.

"తుపాను పట్టేలాగున్నాది. తూము తీయించండి."

"ఏటి ఓవర్సీరు గారూ, సెరువులో నీరుండకూడదా? వరి పొట్ట మీదున్నాది. ఇప్పుడొదిలేస్తే రేపు మీరు పోస్తారేటి?"

"పేట మునిగిపోతాది."

"ఏటా మునుగుతున్నాదే. మళ్లీ కట్టుకుంటన్నారు కదా."

ఆ మాట అన్న నోరు పడిపోలేదు. అతిథికి మజ్జిగ తెమ్మని లోపలికి కేక కూడా వేసింది. రంగనాథం మజ్జిగ తాగకుండా వచ్చేశాడు. ఆఫీసులో మేనేజరు, కోతలయ్యాక చూద్దామన్నాడు. కోతల దాకా ఆగమని తుపానుకు ఎవరు చెప్పాలి?

పొద్దు వాలే వేళకు ఈదురుగాలి, దాని వెంటే వాన. చెరువు అప్పటికే నిండుగా ఉంది. రంగనాథం గునపం పట్టుకొని మెడలోతు నీళ్లలోకి దిగాడు. నీరెంత వచ్చిందో చూడడానికి పేట నుంచి దాలమ్మ గట్టెక్కింది.

"పైకి రా బాబూ, సచ్చిపోతావు."

"పిల్లల్ని రైలు గట్టు ఎక్కించు దాలమ్మా. ముందు నువ్వెళ్లు."

ఆమె పరుగెత్తింది. రంగనాథం మునిగి లేచి, మునిగి లేచి, గునపంతో కుమ్మి చివరికి గోనెను పెరికి ఒడ్డుకు ఈడ్చాడు. తూము హోరుమంది. చలికి వణుకుతూ గట్టుకు జారగిలబడ్డాడు.

దాలమ్మ ముంతలో గంజి పట్టుకొని తిరిగి వచ్చేసరికి అలాగే కూర్చొని ఉన్నాడు. పిలిస్తే పలకలేదు. నీళ్లు పేట గడపల దాకా వచ్చి తీశాయి.

దిగమన్నదెవరని మేనేజరు విసుక్కున్నాడు. చితికి కట్టెలు నరసింగరావు ఇచ్చాడు. ఎంత మంచి మనసని ఊరు అతన్ని మెచ్చుకుంది.

తుపాను వెలిసి ఎండ కాసింది. రంగనాథం పెరికిన గోనెను ఎవరో బురద పోయేలా కడిగి, గట్టు మీద ఆరబెట్టారు. పక్కనే కొత్త గడ్డి మోపు, బంకమన్ను కుప్ప.