కష్టమైన ఎడిటరే కావాలి

చంద్రపూర్‌లో సుమన్‌తో తెలుగులో మాట్లాడేది గది గోడ మీది బల్లి ఒక్కటే. ఎండలు ముదిరాక అది కూడా మాటలు తగ్గించింది.

రాజురా దగ్గరి పల్లె నుంచి వచ్చి, బొగ్గు లారీల ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటున్నాడు. పొద్దంతా డ్రైవర్లతో మరాఠీ. అదీ టన్నుల గురించే.

ఆ రోజు సర్వర్‌లో ఒక ఫైలు తెరిచి కొత్త ప్రింటర్ పేరు రాయాలి. లేకపోతే లారీలకు తూకం చీటీలు రావు. ఎదురుగా నల్లటి తెర, మౌస్ పనిచేయదు. ఇంతకుముందు ఆ ఉద్యోగం చేసి నాగ్‌పూర్ వెళ్ళిపోయిన ప్రతిభకు ఫోన్ చేశాడు. ఆమెది కొర్పనా, ఇంటి భాష తెలుగు.

"ఫైల్ల రాసేటందుకు రెండు ఎడిటర్లున్నయ్ సుమన్. నానో అల్కగుంటది. ఏం నొక్కాల్నో కిందనే రాసుంటది, ఎవ్వల్ని అడిగే పని లేదు."

"ఇంకోటి?"

"విమ్. అండ్లకు పోయి, బయటికొచ్చుడు రాక ముసలోళ్ళైనోళ్ళున్నరు."

ఎవరినీ అడిగే పని లేకపోతే ఈ ఫోన్ ఇప్పుడే అయిపోతుంది.

"నాకు విమే నేర్పు అక్కా."

"పిస లేసిందా నీకు?" అంది గానీ, నేర్పింది. ఐ నొక్కి ప్రింటర్ పేరు రాశాడు. ఇంతలో ఒక డ్రైవర్ వస్తే, తెర మీదే పక్క విండోలో అతని పేరు మరాఠీలో ఎక్కించి వచ్చాడు.

"ఇగ ఎస్కేప్ కొట్టు. కోలన్, డబ్ల్యూ, క్యూ, ఎంటర్."

కొట్టాడు. తెర కదల్లేదు. మళ్ళీ కొట్టాడు. బయట లారీల వరుస పక్క ఊరు ఘుగ్గుస్ దాటి సముద్రం వైపు సాగుతోంది.

"కింద కోలన్ పడ్డదా?"

"లేదక్కా."

"తబలా కొడుతున్నవా ఏంది? ఆగు... నడుమల మరాఠీ ఏమన్న కొట్టినవా?"

"డ్రైవర్ పేరు."

ప్రతిభ పడీపడీ నవ్వింది. "కీబోర్డు ఇంకా మరాఠీలనే ఉన్నది. విమ్‌కు మరాఠీ రాదు! నేను గూడ గిట్లనే జేసి, గా కుర్చీలనే కూసోని ఏడ్చిన. అడుగుదామంటే మనోళ్ళు ఒక్కలు లేకపాయె."

సుమన్ కీబోర్డు ఇంగ్లీషుకు మార్చి మళ్ళీ కొట్టాడు. ఫైలు భద్రమైంది. వెనక ప్రింటర్ ఆకలిమీదున్న మిల్లులా గర్జిస్తూ చీటీలు కక్కసాగింది.

"అయిందా?"

ఆ చప్పుడు వినపడకుండా సుమన్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టాడు. "కాలేదక్కా."

ప్రింటర్ మాత్రం ఆగలేదు. చేతి సందుల్లోంచి ఆ మోత అవతలికి పోతూనే ఉంది.

"సరే," అంది ప్రతిభ. "మొదటి సంది చెప్త. ఫైలు తెరువు."