పచ్చకోట్ల పటాలం

మా మామగారు నన్ను పదకొండేళ్లుగా ‘అల్లుడుగారూ’ అంటున్నారు. వినడానికి ఇంపుగానే ఉంటుంది, కాదనను. కానీ నా తోడల్లుడు ఆ ఇంటి అల్లుడై నాలుగేళ్లే అయింది. వాణ్ణి మాత్రం ‘ఒరేయ్ అబ్బాయ్’ అంటారు, భుజం చరుస్తారు, వాడు రంగేసిన సైనికుణ్ణి ఎత్తి పట్టుకుని ‘శెభాష్‌రా’ అంటారు. నా సైనికుణ్ణి చూస్తే ‘ఆఁ, అక్కడ పెట్టండి అల్లుడుగారూ’. ఆ ‘గారు’ గుమ్మం దగ్గర వేసిన కుర్చీ లాంటిది. కూర్చోవచ్చు, లోపలికి మాత్రం వెళ్లనివ్వదు. నాకు నలభై ఆరేళ్లు. ఒక్క ‘శెభాష్‌రా’ కోసం మొహం వాచిపోయి ఉన్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను.

సైనికులంటే నిజం సైనికులు కాదు, అంగుళం ఎత్తు తగరం బొమ్మలు. మామగారు మ్యాపులు గీసే ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. మేడ మీది గదిలో రెండు పాత తలుపులు కలిపి బల్ల చేయించి, ఎప్పుడో రెండొందల ఏళ్ల కిందట ముగిసిపోయిన యుద్ధాలను దాని మీద మళ్లీ జరిపిస్తారు. ప్రతి నెలా చివరి ఆదివారం యుద్ధం. నేనొక రాజును, తోడల్లుడు ఇంకో రాజు. పాచికలు వేసి, కొలబద్దతో కొలిచి నడుస్తాం. తీర్పు మామగారిది. ఆ గదిలో చట్టం ఒక్కటే: ఒంటినిండా రంగు లేని సైనికుడు బల్ల ఎక్కడానికి వీల్లేదు. ఒకసారి నా ఫిరంగివాడికి ఒక బూటుకు రంగు పడలేదని వాణ్ణి కిందికి దించేశారు. ఆ రోజు నేను ఓడిపోయాను.

నా వృత్తి కట్టుడు పళ్లు చేయడం. ఇరవై ఏళ్లుగా ల్యాబులో కూర్చుని, మూడు వెంట్రుకల బ్రష్షుతో ఊరివాళ్ల పళ్లకు రంగు కలుపుతున్నాను. అందుకే నా సైనికులకు కనురెప్పలుంటాయి, అరుస్తున్నవాడి నోట్లో పళ్లుంటాయి. తోడల్లుడు షెడ్డులో సొట్టలు పడ్డ కార్లకు రంగు కొడతాడు. వాడి సైన్యం వరసగా నిలబడితే, షోరూములో అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది. మరి శెభాష్‌లు ఎవరికి పోతున్నాయో చూడండి.

ఈసారి రాజుగారి అంగరక్షక పటాలం, తొంభై ఆరుమంది. ఒకడికిస్తే ఇంకొకడు అలుగుతాడని మామగారు చెరి నలభై ఎనిమిది పంచారు. ఏ సైన్యానికి ఏ రంగో చెప్పే పుస్తకం ఒకటి ఆయన దగ్గరుంది. దాన్ని గుడ్డలో చుట్టి బీరువాలో పెడతారు, ఎవరి చేతికీ ఇవ్వరు. మాకు దొరికేది నలుపు తెలుపు జెరాక్సు. రంగుల సంగతి ఫోన్లో చెబుతారు. “కోట్లు పచ్చ. బూట్లు నలుపు. ఆదివారానికల్లా దిగాలి” అన్నారు. అంతే, పెట్టేశారు.

పచ్చ అంటే మా అమ్మకు ఆకుపచ్చ. తోడల్లుడి అమ్మకు పసుపుపచ్చ. ఇద్దరమ్మలదీ తప్పు కాదు, చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆదివారం పొద్దున బల్ల మీద నా ట్రే నేను తెరిచాను, వాడి ట్రే వాడు తెరిచాడు. ఒకే పటాలం, సగం ఆకులు, సగం అరటిపళ్లు.

“ఇదేంటన్నయ్యా, మీవాళ్లకి నాచు పట్టింది?” అన్నాడు.

“పచ్చ అన్నారు, పచ్చ వేశాను. నీవాళ్లని మగ్గబెట్టి పండించావా?” అన్నాను.

గొంతులు లేచేసరికి మా ఆవిడ మెట్లెక్కి వచ్చింది. “బాగుంది సంబడం. మీ ఇద్దరి మధ్యా పచ్చగడ్డి వేస్తే భగ్గుమనేలా ఉంది” అంది.

“విన్నావా? పచ్చగడ్డి. గడ్డి ఏ రంగయ్యా?” అన్నాను.

“పచ్చకామెర్లు అంటారు కదా, రోగం వచ్చినవాడు ఆకుపచ్చగా మారతాడా?” అన్నాడు వాడు.

జవాబు లేనప్పుడు నాకు కోపం రెట్టింపవుతుంది. “మామయ్యా, మీరే చెప్పండి” అన్నాను.

మామగారు ఈ చేత్తో నావాణ్ణి, ఆ చేత్తో వాడివాణ్ణి పట్టుకుని, ముక్కు దగ్గరికి తెచ్చుకుని చూశారు. “రెండూ ఒకటేగా. దేనికీ గోల?” అన్నారు. ఆయనకు విసుగొచ్చి బీరువా తీసి, గుడ్డ విప్పి, మొట్టమొదటిసారి పుస్తకం మా ముందు తెరిచి, బొమ్మ మీద వేలు పెట్టారు. “కనిపిస్తోందా? పచ్చ.”

ఆ కోటు తెలుపు. ఉతికి ఆరేసిన దుప్పటంత తెలుపు.

నేను తోడల్లుడి వంక చూశాను. వాడు మామగారి కళ్ల వంక చూస్తున్నాడు. కిటికీ వెలుగు పడి ఆ కంటిపాపల్లో పాలు కలిపినట్టు కనిపించింది. మేమిద్దరం నెలకోసారి ఆయన ఎదుట నిలబడి మా సైనికుల బూట్ల నునుపు గురించి వాదించుకున్నామే గానీ, ఆయన మొహంలోకి చూడలేదు.

“అవును మామయ్యా, పచ్చే” అన్నాను.

“పచ్చే” అన్నాడు వాడు. మేమిద్దరం ఒకే మాట మీద నిలబడడం అదే మొదలు.

శుక్లాలు రెండు కళ్లలోనూ ముదిరిపోయాయని, ముందు కుడికన్ను ఆపరేషన్ చేద్దామని డాక్టరు చెప్పింది. మామగారు ససేమిరా అన్నారు. “నా కళ్లకేం, నిక్షేపంలా ఉన్నాయి” అని మంచం మీద అటు తిరిగి పడుకున్నారు. మా అత్తగారు వాదించలేదు. “ఈ గోడ ఏ రంగండీ?” అంది.

“పచ్చ.”

“మొన్ననేగా సున్నం వేయించారు, దగ్గరుండి” అంది. ఆయన కాసేపు గోడనే చూసి, చొక్కా తొడుక్కున్నారు.

నిజం చెప్పొద్దూ, మొదట నాకు లోపల్లోపల సంతోషం వేసింది. నాలుగేళ్ల శెభాష్‌లన్నీ కనిపించని కళ్లతో ఇచ్చినవేనన్నమాట. కారు మెరుపైతే మసకలో కూడా తగులుతుంది, కనురెప్ప ఎలా తగులుతుంది? ఆ సంతోషానికి సిగ్గుపడ్డాను. ఆ తర్వాత భయం పట్టుకుంది. రేపు కట్టు విప్పి, శుభ్రమైన కంటితో చూసి కూడా ‘అక్కడ పెట్టండి అల్లుడుగారూ’ అంటే? ఇక తప్పు నెట్టడానికి శుక్లం కూడా ఉండదు.

ఆపరేషన్ మరుసటి నెల చివరి వారంలో కుదిరింది. ఆ మంగళవారం మధ్యాహ్నం తోడల్లుడు కంప్రెసరు మోసుకుని నా ల్యాబుకు వచ్చాడు. “మామయ్య కట్టు విప్పేసరికి అందరూ తెల్లగా ఉండాలన్నయ్యా. పాపం, తప్పు చెప్పానని ఆయనకి తెలియకూడదు” అన్నాడు. వాడి మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. పైగా వాడు, “తెలుపు తెలుపే కదా, షెడ్డులో డబ్బా ఉంది” అన్నాడు. అప్పుడొచ్చింది.

సొరుగు లాగి చూపించాను. పదహారు పళ్లు, పదహారు తెలుపులు. “వీటిలో ఏ తెలుపు?” అన్నాను. వాడు అటు చూసి ఇటు చూసి, “మీరే చెప్పండి” అన్నాడు. మొట్టమొదటిసారి వాడి నోట వినయం విన్నాను, బాగుంది. పుస్తకంలోని బొమ్మలో కోటు మెడ దగ్గర కాస్త మీగడ ఛాయ ఉంది. మూడో వరసలో రెండోది. ఆ ఛాయ ఊళ్లో ఎవరు పెట్టుకుని తిరుగుతున్నారో నాకు తెలుసు. చెప్పలేదు.

నాలుగు మధ్యాహ్నాలు అన్నం మానేసి పనిచేశాం. తొంభై ఆరుమందినీ మందుసీసా మూతల మీద అతికించాం. వాడు స్ప్రేతో తెలుపు కొట్టాడు, నేను మడతల్లో నీడలు దింపి, గుండీలు, కనురెప్పలు, పళ్లు మళ్లీ వేశాను. మధ్యలో ఒక పేషెంటు వచ్చి, తన దంతాల బదులు బల్లమీద పటాలాన్ని చూసి మళ్లీ వస్తానని వెళ్లిపోయాడు.

ఆదివారం మామగారు గదిలోకి వచ్చారు. కుడికంటి కట్టు ముందురోజే విప్పారు. ఆయన బల్ల ముందు నిలబడి చూస్తూనే ఉన్నారు.

“నేనేం రంగు చెప్పాను?” అన్నారు.

“తెలుపు” అన్నాను. “తెలుపే” అన్నాడు తోడల్లుడు. పచ్చి అబద్ధం, ఇద్దరం కలిసి ఆడాం.

ఆయన పుస్తకం తెరిచి చూసుకుని, మూసేశారు. ఒక సైనికుణ్ణి తీసి, గోటితో కాలరు కింద గీకారు. “ఈ ఆకుపచ్చేమిటి?”

“గడ్డి మామయ్యా. యుద్ధభూమి కదా” అన్నాడు తోడల్లుడు.

ఇంకొకణ్ణి తీశారు. “మరి ఈ పసుపు?”

“ఎండుగడ్డి” అన్నాను. నా బుర్రకు అంతకంటే తట్టలేదు.

ఆయన సేనాపతిని తీసి కిటికీ దగ్గరికి వెళ్లారు. కొత్త కంటికి ఆనించుకున్నారు. “కనురెప్పలు” అన్నారు మెల్లిగా. “పళ్లు కూడానా?” తర్వాత కోటు మీద వేలితో రాసి, “ఈ తెలుపు నేను రోజూ చూస్తున్నదే” అన్నారు. గభాలున నోట్లోంచి కట్టుడు పళ్ల సెట్టు లాగి, సేనాపతి పక్కన పట్టుకుని చూశారు. రెండూ అచ్చంగా ఒకే తెలుపు. ఆ సెట్టు నేను చేసిందే. గుమ్మంలో నిలబడ్డ అత్తగారు తలపట్టుకుంది.

మామగారు ఆ పళ్లను అలాగే చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చి, భుజం మీద ఒకటి చరిచారు. “హెభాహ్ రా” అన్నారు.

“ఏమన్నారు?” అన్నాడు తోడల్లుడు.

పళ్లు లేనివాళ్ల మాట నేను ఇరవై ఏళ్లుగా వింటున్నాను. పళ్లు తీస్తే ‘శ’ పలకదు, ‘ష’ పలకదు. ‘రా’కు మాత్రం పళ్లతో పనిలేదు, అది స్పష్టంగానే వచ్చింది. కళ్లు తుడుచుకుని, పాచికలు అందుకున్నాను.