కప్పకు ఇత్తడి బిరడా

బతికున్న సవతితో అయితే జుట్టూ జుట్టూ పట్టుకోవచ్చు. చచ్చిపోయినదానితో ఏమని పోట్లాడతాం? వెర్నా తలరాత అలా ఉంది. ఎల్డన్‌ను చేసుకుని ఆ సరస్సు ఒడ్డు ఊరికి కాపురానికొచ్చి నాలుగేళ్ళయింది. అతని మొదటి భార్య బెర్నిస్ ఫోటోలు గోడ దిగాయి, కోట్లు చర్చివాళ్ళ పాతబట్టల సంతకు పోయాయి. హమ్మయ్య, పీడ విరగడైందనుకుంటుండగా, మొన్న చలికాలం ఎల్డన్ పాకలోంచి కప్పను బయటికి లాగాడు.

కప్ప అంటే ఆరు చక్రాల బండి. నేల మీదా పోతుంది, నీళ్ళ మీదా పోతుంది. పెద్ద ప్లాస్టిక్ తొట్టి, దానికి బూరెల్లా ఉబ్బిన చక్రాలు, ఇద్దరు కూర్చునే బెంచీ. స్టీరింగు లేదు, రెండు కర్రలుంటాయి. ఎడమది లాగితే ఎడమ చక్రాలు ఆగి బండి అటు తిరుగుతుంది. ఎల్డన్ నడుపుతుంటే బెర్నిస్ పక్కన కూర్చుని మూస్ దుప్పి వేటకూ, బ్లూబెర్రీలకూ చిత్తడంతా తిరిగింది. ఆమె పోయాక అతను దాన్ని ముట్టుకోలేదు.

ఇప్పుడేమో తిండి కూడా అక్కడే. తుప్పు పట్టిన గొలుసులు కిరసనాయిల్లో నానబెట్టాడు, బేరింగులు మార్చాడు, తొట్టి పగుళ్ళను వేడి చేసి అతికాడు.

"ఎందుకయ్యా ఈ అవస్థ?" అని అడిగితే, "వేసవికి పనికొస్తుంది" అన్నాడు. అంతే. మనిషి మంచివాడే కానీ నోట్లోంచి మాట ఊడిపడదు, ముంగి.

ఆయన ముంగి అయితే ఊరు కాదుగా! పాకలోకి తొంగిచూసిన ప్రతివాడికీ బెర్నిస్ కథ ఒకటి గుర్తొచ్చేది. అందరినీ మించింది ఆమె చెల్లెలు పెర్ల్.

"మా అక్క ఉంటేనా బావా, ఈ గొలుసు ఒంటిచేత్తో ఎక్కించేది!" అనేది. వెర్నా టీ తెచ్చి ఇస్తే తాగుతూ, "నీకు తెలీదులే తల్లీ, బండి నీళ్ళలో దిగేముందు 'బిరడా బిగించాం!' అని మా అక్క కేకేస్తే అవతలి ఒడ్డుకు వినపడేది. తొట్టి అడుగున, లోపల చేరిన నీళ్ళు వదిలే బెజ్జం ఉంటుంది కదా, దాని బిరడా పూచీ మా అక్కదే. బావ ఒక్కనాడు వంగి చూసుకున్న పాపాన పోలేదు" అనేది.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. బెర్నిస్ కళ్ళు చేటంతయ్యాయి ఆ ఊళ్ళో! వెర్నాకు కడుపు మండిపోయేది.

"రంగు ఏం వేయమంటావు?" అని ఎల్డన్ ఒకరోజు అడిగాడు.

"నన్నడుగుతావేం? మీ మహారాణి రంగే వెయ్యి!" అని విసురుగా అంది.

ఆ మహానుభావుడు నిజంగానే బండికి మునుపున్న పసుపు రంగే డబ్బా కొనుక్కొచ్చాడు. వెర్నా ఆ రాత్రి అన్నం ముట్టలేదు. ఎందుకు ముట్టలేదో అతనికి అంతుపట్టలేదు.

సరస్సు మీద మంచు కరిగింది. మే నెల సెలవులకు కప్పను నీళ్ళలో దింపుతున్నానని చెప్పాడు. ఆ పొద్దున వెర్నా వంటింట్లోకి వస్తే, కిటికీ గట్టు మీద ఆమె టీకప్పు పక్కన ఇత్తడి బిరడా ఉంది. తళతళా తోమి ఉంది.

"ఓరి దేవుడా, నా కప్పు పక్కన కూడా ఆవిడ సామానేనా!" అనుకుంది. తీసి కోటు జేబులో పడేసుకుంది. వెతుక్కోనీ. ఊరందరి ముందూ వెతుక్కుని, చివరికి నా దగ్గరికొచ్చి అడగనీ!

అతను అడగలేదు, వెతకనూ లేదు. రేవు దగ్గర సగం ఊరు చేరింది. ఎల్డన్ బెంచీ మీద కూర్చుని ఇంజిను స్టార్టు చేశాడు. పక్క సీటు ఖాళీ. వెర్నా వైపు ఒకసారి చూశాడు. ఆమె మూతి ముడుచుకుని మొహం తిప్పుకుంది. అతను కాసేపు ఆగి, కర్రలు ముందుకు తోశాడు. కప్ప జరజరా నీళ్ళలోకి దిగిపోయింది.

"కేక లేకుండా దిగుతున్నాడేంటి బావ?" అంది పెర్ల్.

ఆ మాటకు వెర్నా జేబు తడుముకుంది. బిరడా తన జేబులోనే ఉంది. ఎల్డన్‌కు ఈత రాదు, కాళ్ళకు బరువైన బూట్లు, నీళ్ళు చూస్తే మొన్ననే మంచు కరిగినవి. పసుపు తొట్టి వెనకవైపు కుంగుతోంది. మునిగితే మునగనీ ఆ దిక్కుమాలిన బండి అని ఒక్క క్షణం అనిపించిన మాట నిజం. మరుక్షణం మోకాళ్ళదాకా నీళ్ళలోకి పరిగెత్తింది.

"ఎల్డన్! బిరడా లేదయ్యా! తిప్పు, వెనక్కి తిప్పు!"

అతను ఎడమ కర్ర లాగాడు. బండి బద్ధకంగా తిరిగి, రొప్పుతూ ఒడ్డుకు చేరింది. లోపల పిక్కలదాకా నీళ్ళు.

"బిరడా చూసుకోవద్దా బావా!" అని పెర్ల్ గుండెలు బాదుకుంది.

"నేనెందుకు చూస్తాను? పొద్దున్నే వెర్నా కప్పు పక్కన పెట్టాగా" అన్నాడు ఎల్డన్.

"పెడితే? పెట్టి నోరు తెరిచి చెప్పాలా, వద్దా?" అని అరిచింది వెర్నా.

"ఇందులో చెప్పేదేముంది? పక్క సీటు మనిషి పనది. పక్క సీటు నీదేగా."

చలికాలమంతా వెర్నా ఏ మాట కోసం కాచుకుని కూర్చుందో ఆ మాట పొద్దున్నుంచీ తన జేబులోనే ఉంది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. అయినా అందరూ వింటుండగానే చెప్పేసింది.

"నా జేబులోనే ఉంది. కావాలనే ఇవ్వలేదు."

ఎల్డన్ బూటు విప్పి నీళ్ళు ఒంపుకున్నాడు. "జేబులో ఉంటే నీళ్ళాగవే" అన్నాడు.

తొట్టి ఖాళీ అయ్యాక పెర్ల్ చెయ్యి చాపింది. "ఇటివ్వు, మా అక్క ఎలా బిగించేదో చూపిస్తా."

"నీ పని చూసుకో పెర్ల్" అని వెర్నా బురదలో బోర్లా పడుకుని బిరడా బిగించింది. వేళ్ళు కొంకర్లు పోయేదాకా తిప్పింది. కోటంతా బురదతో లేచి పక్క సీట్లో కూర్చుని, "బిరడా బిగించాను!" అని కేకేసింది. గొంతు కీచుమంది. ఎవరో కిసుక్కున నవ్వారు.

ఈసారైనా ఎల్డన్ దిగి, వంగి చూసుకుంటాడనుకున్నారు ఒడ్డున ఉన్నవాళ్ళు. అతను చూసుకోలేదు. కర్రలు రెండూ ముందుకు తోసి, నేరుగా నీళ్ళలోకి దింపాడు.