ఒకటో నంబరు తుపాకీ

గేలెన్ ప్రీహైమ్ దగ్గరున్న జోడు గొట్టాల తుపాకీ మీద, గొట్టాల మధ్య పట్టీలో, బంగారంతో 2 అని పొదిగి ఉంటుంది. 1912లో ఇంగ్లండులో చేసిన తుపాకీ. అప్పట్లో అటువంటివి జతగా చేసేవారు. వేటగాడు ఒకటి పేలుస్తుంటే, వెనక నిలబడ్డ మనిషి రెండోది నింపి అందించేవాడు. గేలెన్ తండ్రి యాకోబ్ అలా వెనక నిలబడ్డ మనిషి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన కొత్తలో అమెరికా తూర్పు తీరం నుంచి ఒక బ్యాంకరు ఫెజెంట్ పిట్టల వేటకని దక్షిణ డకోటా వచ్చాడు. వెళ్ళేటప్పుడు రెండో తుపాకీ యాకోబ్ చేతిలో పెట్టి, ఒకటోది తీసుకుని రైలెక్కాడు.

ఆ ఒకటో తుపాకీని గేలెన్ వెతుకుతూనే ఉన్నాడు. తుపాకులు వేలం వేసే వెబ్‌సైటులో తయారీదారు పేరు కొట్టి చూడటం ఆయనకు పళ్ళు తోముకోవడం లాంటి అలవాటు. సెప్టెంబరులో అది కనబడింది. వెర్మాంట్ నుంచి ఎవరో మహిళ అమ్మకానికి పెట్టింది. ఫోటోలో బంగారు 1 ఉంది. దాని సీరియల్ నంబరు గేలెన్ తుపాకీ నంబరుకు సరిగ్గా ముందుది.

ఆయన ఫోటోను పెద్దది చేసి చూస్తూ ఉండిపోయాడు. భార్య ఆర్డిస్ వెనక వచ్చి నిలబడింది.

"ఏమిటది?"

"ఒకటి."

"ఒకటి ఏమిటి?" అని, కళ్ళజోడు సర్దుకుని చూసి, ఆమె కూడా కుర్చీ లాక్కుంది.

ఫోటోల్లో మడమ, అంటే భుజానికి ఆనించే చెక్క, నల్లగా ఉంది. గేలెన్ తుపాకీ మడమ తేనె రంగు. ఆ చెక్క అసలుదేనా, ఎవరైనా మార్చారా అని ఆయన అమ్మకందారుకు రాశాడు. "మా తాతగారి తుపాకీ. పొయ్యి మీద గోడకు వేలాడేది. నాకు తెలిసింది అంతే," అని జవాబు వచ్చింది.

మడమ మారిస్తే జత లేనట్టే. ఒకే అక్రోటు దుంగలో పక్కపక్క పలకలు కోసి రెండు మడమలూ చెక్కేవారు. చెక్క వేరైతే మిగిలేది నంబరు మాత్రమే.

అయినా గేలెన్ చేపల పడవ అమ్మేశాడు.

వేలం ఆదివారం చర్చి నుంచి వచ్చాక ముగియాలి. ముగియలేదు. ఆ సైటులో చివరి నిమిషాల్లో ఎవరు పాట పెంచినా గడువు ఇంకో పావుగంట జరుగుతుంది. అవతల ఒకరు పెంచుతున్నారు. పేరు లేదు, చుక్కలే. గేలెన్ పెంచేవాడు, చుక్కలు పెంచేవి.

"వాడికి భోజనం లేదా?" అంది ఆర్డిస్.

"నాకుందా?"

"నీకు పొయ్యి మీద ఉంది. వాడి సంగతే నాకు తెలియదు."

సాయంత్రం చుక్కలు ఆగిపోయాయి. గెలిచావని సైటు చెప్పింది. గేలెన్ లేచి వరండాలోకి వెళ్ళి, పడవ ఉండే చోటు చూసి, తిరిగి వచ్చాడు.

అక్కడ తుపాకీ పార్సిలు ఇంటికి రాదు. లైసెన్సున్న దుకాణానికి వస్తుంది. కొన్నవాడు అక్కడికి వెళ్ళి కాగితం నింపాలి, దుకాణందారు ఫెడరల్ ఆఫీసుకు ఫోను చెయ్యాలి, వాళ్ళు సరేనన్నాక చేతికిస్తారు. ఊళ్ళో ఆ దుకాణం ట్వైలా ఆర్ట్‌మన్‌ది. పాత పాలకేంద్రం భవనంలో తుపాకులు, తూటాలు, చేపల ఎర అమ్ముతుంది.

గేలెన్, ఆర్డిస్ వెళ్ళేసరికి ట్వైలా పెట్టె విప్పి ఒకటో నంబరును గుడ్డ మీద పెట్టింది. గేలెన్ రెండో నంబరును దాని పక్కన పెట్టాడు. ముగ్గురూ వంగి చూశారు.

ఒకటి నల్లగా, ఒకటి తేనె రంగులో ఉన్నాయి. నల్లది అంగుళం పైన పొడుగు కూడా.

"కొలతే కలవడం లేదు గేలెన్," అంది ట్వైలా. "ఈ మడమ మార్చినట్టే ఉంది."

"కొలత సంగతి వేరు. నాదే పొట్టిది."

"ఎందుకని?"

"నాకు పన్నెండేళ్ళు. చెయ్యి ట్రిగ్గరుకు అందేది కాదు. మా నాన్న కోసేశాడు."

"దేంతో?"

"రంపంతో. కొట్టంలో వేలాడేది."

ట్వైలా కళ్ళు మూసుకుని తెరిచింది. "ఇంగ్లండు తుపాకీని కొట్టంలో రంపంతో."

"బాతుల సీజను వచ్చేసింది మరి."

"మా మామగారు నా కుట్టుమిషను బల్ల కాళ్ళు కూడా కోశాడు," అంది ఆర్డిస్. "ఆయనకు పొడుగు వస్తువంటే పడదు."

ట్వైలా వాళ్ళ ముందు నియమం పెట్టింది. నచ్చకపోతే మూడు రోజుల్లో తిప్పి పంపొచ్చు. కాని పేల్చకూడదు, మరలు విప్పకూడదు, చెక్క తుడవకూడదు. కాగితం మీద సంతకం పడితే ఇక తిప్పడం లేదు.

"కాస్త నూనె గుడ్డతో తుడిస్తే నలుపు కింద చెక్క ఏదో తెలిసిపోతుంది," అన్నాడు గేలెన్.

"తుడిస్తే నీదే. చెక్క ఏదైనా సరే."

"తుడవకపోతే తెలియదు."

"అందుకే అది వేలం."

గేలెన్ చేతులు జేబుల్లో పెట్టుకున్నాడు. ఆర్డిస్ ఆయన వైపు చూసి, "పంపించెయ్. పడవ డబ్బైనా తిరిగి వస్తుంది," అంది. ఆయన కళ్ళు నల్ల మడమ మీదే ఉన్నాయి. ఆమె నల్ల తుపాకీని పట్టుకోవచ్చా అని ట్వైలాను అడిగి, గొట్టాలు మడిచి ఖాళీ అని చూసుకుని, తలుపు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్టోబరు ఎండ ఏటవాలుగా గుమ్మంలో పడుతోంది. మడమను ఎండలో పెట్టి కొంచెం తిప్పింది. ఇంకొంచెం తిప్పింది.

"గేలెన్, నీది పట్రా."

ఆయన వెళ్ళాడు. ట్వైలా కూడా కౌంటరు దాటి వచ్చింది.

ఎండ ఆ కోణంలో పడ్డప్పుడు ఏళ్ళ తరబడి పట్టిన పొయ్యి పొగ మసి కింద నుంచి చెక్క గీతలు పైకి వచ్చాయి. రెండింటిలోనూ ఒక గీత పట్టు దగ్గర మొదలై కిందికి జారి, మధ్యలో చీలి మళ్ళీ కలిసింది. గేలెన్ రెండో నంబరు మీద వేలు పెట్టి గీత వెంట నడిపాడు. ఆర్డిస్ ఒకటో నంబరు మీద నడిపింది. వేళ్ళు ఒకేచోట చీలిక దాటాయి, ఒకేచోట వంపు తిరిగాయి. గేలెన్ వేలు యాకోబ్ కోసిన చోట ఆగింది.

ఆర్డిస్ వేలు ఆగలేదు. ఆ అంగుళంలో గీత వెనక్కి తిరిగి, తన చుట్టూ తానే చుట్టుకుని, నీళ్ళలో రాయి వేసినట్టు వలయాలుగా విచ్చుకుంది.

వీధిలో ధాన్యం లారీ వెళ్ళింది.

"అక్కడ అది ఉండేదా," అన్నాడు గేలెన్.

"ఉండేది," అంది ఆర్డిస్. "మీ నాన్న చూసే ఉంటాడు కోసేటప్పుడు."

"చూసి కూడా కోశాడు."

"నీ చెయ్యి అందలేదుగా."

గేలెన్ వలయాల మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచాడు. తర్వాత లోపలికి వెళ్ళి కౌంటరు ముందు నిలబడి, పేరు ఇంటిపేరుతో సహా రాశాడు. సంతకం పెట్టాడు. ట్వైలా ఫోను తీసి ఫెడరల్ ఆఫీసు నంబరు నొక్కింది. అవతలివాళ్ళు ఆగమన్నారు. ఆర్డిస్ గుమ్మంలోనే ఉంది, రెండింటినీ పక్కపక్కన పట్టుకుని ఎండతో పాటు తిప్పుతూ.

"సరే అన్నారు," అంది ట్వైలా ఫోను పెట్టేసి. "ఇక నీదే. తుడుచుకో."

"అవసరం లేదు," అన్నాడు గేలెన్.