నడుము వంచకండి

ఆసుపత్రి తోటలో పెద్దమాలిని ఎంత దూరం నుంచైనా గుర్తుపట్టవచ్చు. మోకాళ్ళు రెండూ కర్రల్లా బిగబట్టి, నడుము దగ్గర మాత్రం మడతమంచంలా మడుచుకుపోయి, కలుపును వేళ్ళతో సహా పీకుతూ మడి ఈ కొస నుంచి ఆ కొస దాకా తల ఎత్తకుండా సాగిపోయేవాడు. చతికిలబడి కలుపు తీయడం ఆయన దృష్టిలో బద్ధకస్తుల పద్ధతి. తండ్రి అలాగే నేర్పాడు. ఆ ఇంట్లో మనిషిని తూచే తూకం ఒక్కటే: నడుము వంచుతాడా, వంచడా. పెద్దకొడుకైన ఈయన వంచేవాడు. చిన్నకొడుకు, ఈయన తమ్ముడు, దర్జీ అయ్యాడు. పొద్దస్తమానం మిషను మీదికి వంగి కుట్టేవాడే అయినా, కుర్చీలో కూర్చుని చేసే పని కనుక అది లెక్కలోకి రాలేదు. "నడుము వంచకుండా తిండి సంపాదిస్తున్నాడు మావాడు" అని తండ్రి నలుగురిలో అనేవాడు. తండ్రి పోయిన తర్వాత ఆ మాట అనే బాధ్యతను పెద్దమాలి తీసుకున్నాడు.

వానలకు ముందు ఒక ఉదయం, కుళ్ళిన ఆకుల ఎరువు నింపిన తడి గోనెసంచిని ఆయన ఎప్పటిలాగే నిటారు కాళ్ళతో వంగి ఎత్తాడు. ఎత్తినవాడు ఎత్తినట్టే పక్కకు మెలితిరిగి తోపుడుబండిలో వేయబోయాడు. బరువును ఒంటికి దూరంగా పట్టుకుని వంగడం, ఆపైన మెలితిరగడం వెన్నుకు ఎంత చేటో తెలుసుకోవడానికి పెద్ద శాస్త్రం అక్కరలేదు. నిండు బకెట్టును ఒకసారి ఒంటికి ఆనించి, మరోసారి చేతులు చాచి పట్టుకుని చూస్తే చాలు. ఆయన నడుములో ఏదో కలుక్కుమంది. సంచి జారిపోయింది. ఆయన మాత్రం వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

అటుగా నీళ్ళ గొట్టం లాక్కొస్తున్న కొత్తమాలి, రోజుకూలీ మీద ఆ మధ్యే చేరినవాడు, "ఏం పారేసుకున్నావు పెద్దాయనా, వెతుకుతున్నావు?" అని నవ్వాడు. దగ్గరికి వచ్చి ముఖం మీది చెమట చూసి గొట్టం వదిలేశాడు.

నడుములకూ మోకాళ్ళకూ వ్యాయామం చేయించే డాక్టరమ్మ గది తోట పక్కనే ఉంది. ఆమెది ఆయన కూతురి వయసు. కాళ్ళు ఒక్కొక్కటే ఎత్తించింది. పాదాల మీద వేలు రాసి స్పర్శ తెలుస్తోందా అని అడిగింది. ఎముకకూ నరానికీ ఏమీ కాలేదనీ, కండరాలు పట్టేశాయనీ, పడుకుని ఉండిపోకుండా ఇంట్లో అటూ ఇటూ తిరుగుతుంటే కొన్ని వారాల్లో సర్దుకుంటుందనీ చెప్పింది. తర్వాత, "ఇకమీదట నడుము వంచకండి బాబాయ్" అంది.

ఆ వెంటనే ఆమె చాలా చెప్పింది. వంచవలసినవి మోకాళ్ళని చెప్పింది. గోనెపట్టా మడిచి వేసుకుని ఒక మోకాలు నేలకు ఆనించి కలుపు తీయమంది. పొడుగు పిడి పార వాడమంది. నీళ్ళ డబ్బా నిండా ఒక చేత్తో మోయకుండా రెండు సగం డబ్బాలు రెండు చేతులతో మోయమంది. ఒకే పని గంటల తరబడి చేయకుండా మధ్యలో లేచి నాలుగడుగులు వేయమంది. కుర్చీ పక్కన మోకాలి మీద కూర్చుని చూపించింది కూడా. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి తన కోసం నేల మీద కూర్చోవడం చూడలేక ఆయన కిటికీ వైపు తిరిగి, అన్నిటికీ తల ఊపాడు. ఆయన చెవులు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయాయి.

నడుము వంచడమంటే మన మాటల్లో వంగడమూ అవుతుంది, ఒళ్ళు దాచుకోకుండా పాటుపడటమూ అవుతుంది. ఆమె మొదటిది వద్దంది. ఆయన రెండోది విన్నాడు.

"ఏమన్నారు?" అని, కబురంది వచ్చి బయట కూర్చున్న భార్య అడిగింది.

"నడుము వంచొద్దంది."

"ఎన్నాళ్ళు?"

"ఇకమీదట అంది."

భార్య ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదారి పట్టించింది. ఆ ఇంటి కోడలే కదా, ఆమెకూ ఆ మాటకు అర్థం అదే.

పని ఎంత నిష్ఠగా చేసేవాడో విశ్రాంతి కూడా అంత నిష్ఠగానే తీసుకున్నాడు. మంచం దిగలేదు. కాళ్ళకు చెప్పులు భార్యే తొడిగింది. వేడినీళ్ళ సంచి నడుము కింద పెడితే కాసేపు హాయిగా ఉండేది, తర్వాత మళ్ళీ పీకేది. వాడకుండా వదిలేసిన తలుపు బందులా నడుము రోజురోజుకూ బిగుసుకుంది. బిగుసుకున్నకొద్దీ, డాక్టరమ్మ చెప్పింది నిజమేనన్న నమ్మకం ఇద్దరిలోనూ గట్టిపడింది.

ఎదురుకాళ్ళతో పుట్టినవాళ్ళు తంతే నడుము పట్టు వదులుతుందని పక్కింటావిడ చెప్పింది. వెతకనక్కరలేదు, దర్జీ తమ్ముడు అలా పుట్టినవాడే. వదిన కబురంపితే టేపు మెడలో వేసుకుని అలాగే వచ్చాడు. విషయం విని గుమ్మంలోనే నిలబడ్డాడు.

"అన్నయ్యని తన్నమంటావా వదినా? చిన్నప్పటి నుంచీ ఉన్న కోరికే అనుకో, మరీ ఇలా అడిగి తన్నించుకుంటాడనుకోలేదు."

కాలు కడుక్కుని వచ్చి, బోర్లా పడుకున్న అన్న నడుముకు బొటనవేలు ఆనించీ ఆనించనట్టు తాకించాడు.

"సరిగ్గా తన్నరా. నడుము వంచనివాడి కాలికి సత్తువ కూడా ఉండదా?" అన్నాడు పెద్దమాలి, దిండులోంచి.

తమ్ముడు కాలు తీసేశాడు. "ఇప్పుడు ఇద్దరం ఒకటే కదన్నయ్యా" అన్నాడు. మెల్లగానే అన్నాడు, దెప్పినట్టు కూడా లేదు. పెద్దమాలి ముఖం గోడవైపు తిప్పుకున్నాడు. వదిన టీ తెచ్చేసరికి దర్జీ వెళ్ళిపోయాడు.

ఆ వారంలో నొప్పి తగ్గింది. తన్ను తగిలినందుకు తగ్గిందా, తగ్గే రోజులు వచ్చినందుకు తగ్గిందా అని ఆ ఇంట్లో ఎవరూ విచారించలేదు. ఇలాంటి పట్టు చాలావరకు దానంతట అదే వదులుతుంది. ఆ సమయానికి ఎవరి కాలు తగిలి ఉంటే పేరు వారికి దక్కుతుంది. లేచి తిరుగుతున్నాడు గనుక నడుము ఇంకాస్త సాగింది. అయినా తోటకు మాత్రం వెళ్ళలేదు. నొప్పి పోయినంత మాత్రాన డాక్టరమ్మ మాట పోతుందా?

తోట సూపర్‌వైజరు పరామర్శకు వచ్చాడు. మంచివాడే. ఎప్పటి నుంచి వస్తావని అడిగితే, ఇకమీదట నడుము వంచొద్దన్నారని పెద్దమాలి జవాబిచ్చాడు. సూపర్‌వైజరూ ఆ మాటను ఆ ఇంటివాళ్ళలాగే అర్థం చేసుకున్నాడు.  ఉద్యోగం పోనివ్వననీ, గేటు దగ్గర కుర్చీ వేయిస్తాననీ, వచ్చేపోయే బళ్ళు చూసుకుంటే చాలనీ సూపర్‌వైజరు చెప్పాడు. పెద్దమాలి ఆయనకు దండం పెట్టాడు.

గేటు దగ్గరి కుర్చీలోంచి చూస్తే తోటలో మొదటి మడి ఒక్కటే కనబడుతుంది. మిగతావాటికి ప్రహరీ మలుపు అడ్డం. ఆ ఒక్క మడిలోనూ కొత్తమాలి పీకిన కలుపు సగం వేళ్ళతో రాకుండా తెగి మట్టిలోనే మిగలడం ఆయనకు కనబడేది. లేచి వెళ్ళి చెప్పేవాడు కాదు. సాయంత్రానికి కూర్చున్న నడుము మళ్ళీ కొయ్యబారేది. తోటలో ఏ రోజూ అంత నొప్పి ఎరగనని భార్యతో అన్నాడు. ఆమె దిండు సర్దింది.

డాక్టరమ్మ శిక్షణ కోసం వేరే ఊరు వెళ్ళి, చలికాలంలో తిరిగి వచ్చింది. గేటు దగ్గర ఆయన్ని చూసి స్కూటరు ఆపింది.

"ఇక్కడున్నారేం బాబాయ్? మీ తోట ఏమైంది?"

"మీరు చెప్పిందే చేస్తున్నానమ్మా. నడుము వంచట్లేదు."

ఆమె నవ్వబోయి, ఆయన నవ్వడం లేదని చూసి ఆగిపోయింది. స్కూటరు దిగింది.

"పని మానమని నేనెక్కడ చెప్పాను?"

"నడుము వంచొద్దన్నారు కదా."

"మోకాళ్ళు వంచమన్నాను. చేసి కూడా చూపించాను. మీరు తల ఊపారు."

ఆయన మళ్ళీ తల ఊపాడు. ఆమె మొదటి మడి దాకా తీసుకెళ్ళి, మోకాలు ఆనించి ఎలా కూర్చోవాలో మరోసారి చూపించింది. ఈసారి ఆయన కిటికీ కోసం వెతుక్కోలేదు. తనూ కూర్చున్నాడు. చేతికి దగ్గరగా ఉన్న గడ్డిమొక్కను వేరుతో సహా లాగాడు. పక్కది లాగాడు. నడుములో ఏమీ కాలేదు. ఆమె ఏదో అడుగుతోంది. ఆయన అప్పటికే మడి సగం దాకా వెళ్ళిపోయాడు.

ఆ మధ్యాహ్నమే సూపర్‌వైజరు దగ్గరికి వెళ్ళి జరిగినదంతా చెప్పాడు. సూపర్‌వైజరు అంతా విన్నాడు.

"ఆ మాట అప్పుడే చెప్పి ఉంటే ఎంత బాగుండేది పెద్దాయనా" అన్నాడు చివరికి.

కొత్తమాలిని ఆ స్థానంలో ఖాయం చేసి నెల దాటింది. గేటు పని పెద్దమాలికి ఖాయమైంది. తోటలో రెండో మనిషికి చోటు లేదు. వాణ్ణి తీసేసి నిన్ను వేయమంటావా అని సూపర్‌వైజరు అడగలేదు. అడిగితే ఏమనేవాడో పెద్దమాలికే తెలియదు. తలుపు దాకా వచ్చి వెనక్కి తిరిగి, కలుపు వేళ్ళతో రావాలంటే మడి తడిపిన మర్నాడు పీకాలని వాడికి చెప్పమన్నాడు.

ఆ సాయంత్రం వంటింట్లో భార్య సంచి దించుతుంటే బంగాళాదుంపలు జారి నేల మీద దొర్లాయి. ఆమె అలవాటుగా, "మీరు ఉండండి, నేను తీస్తాను" అంది.

"అక్కరలేదు" అన్నాడు.

ఒక మోకాలు నేలకు ఆనించి కూర్చుని, వీపు నిటారుగా ఉంచి, ఒక దుంప తీసి ఆమెకు అందించాడు. డాక్టరమ్మ చెప్పింది ఇదేనని వివరించాడు. తోటకు వెళ్ళొద్దని ఆమె ఎప్పుడూ అనలేదనీ, ఇప్పుడు ఇక చోటు లేదనీ కూడా చెప్పాడు.

ఆమె దుంప చేతిలో పట్టుకునే ఆయన మోకాలి వైపు చూసింది.

"ఇంతేనా?"

"ఇంతే."

బల్ల కింద ఇంకా కొన్ని ఉన్నాయి. ఆయన మోకాలు మార్చుకుని వాటి కోసం చేయి చాచాడు.