ఎర్ర సిరా నోటుబుక్కు

కొత్త పాఠ్యప్రణాళిక పని లెక్కల టీచరు నెత్తిన పడి పది రోజులైంది. "శనివారం మీటింగుకి ఎవరి పాఠం వాళ్లు రాసుకు రావాలి. రాయని సబ్జెక్టుకి పాత పుస్తకమే," అని హెడ్మాస్టరు తేల్చేశాడు. పాత పుస్తకం పేరెత్తితేనే ఆవిడకు ఒళ్లుమంట. పిల్లలు దాన్ని గడగడా అప్పజెప్తారు, ఎందుకని అడిగితే నేలచూపులు చూస్తారు.

పాఠం రాసేముందు పిల్లలకు ఏం తెలుసుకోవాలనుందో వినాలన్నది ఆవిడ పద్ధతి. అందుకే తన ఖాళీ పీరియడ్లలో, తోటి టీచర్లు పాఠం చెప్తుండగా ఒక్కో తరగతిలో వెనక బెంచీ మీద, మోకాళ్లు ముడుచుకుని కూర్చుని నోటుబుక్కులో రాసుకునేది. ముప్పై ఏళ్లుగా పేపర్లు దిద్దిన చెయ్యి, అలవాటుగా ఎర్ర కలమే తీసింది.

రెండో రోజుకే స్టాఫ్‌రూమ్‌లో మాటలు ఆగిపోయాయి. ఆవిడ అడుగుపెట్టగానే అందరికీ ఎక్కడలేని పనులూ గుర్తొచ్చేవి. పక్క కుర్చీ ఖాళీ. తన టిఫిన్ డబ్బా మూత తీసిన చప్పుడు తనకే పెద్దగా వినిపించేది.

"అక్కా, వెళ్లి ఏంటని అడగొచ్చుగా," అంది ఫోన్లో చెల్లెలు.

"అడుగుదామని నోరు తెరిచేలోపే లేచిపోతారే."

"నీ నోరు తెరుచుకోడానికి ఒక పీరియడ్ పడుతుంది మరి."

శుక్రవారం వరండాలో నడుస్తుంటే లోపలి నుంచి సైన్సు మాస్టారి గొంతు వినబడింది. "మన తప్పులన్నీ ఎర్రగా దిద్దుతోంది. రేపు ప్రోగ్రెస్ కార్డు కూడా ఇస్తుంది, ఇంటినుంచి సంతకం తెమ్మని."

"మా అత్తగారు పెట్టదు బాబూ," అంది డ్రాయింగ్ టీచరు. "నన్ను ఫెయిల్ చేసి చాలా ఏళ్లయింది."

బయట నిలబడ్డ ఆవిడకు కూడా నవ్వొచ్చింది. దాన్ని ఎవరితో పంచుకోవాలో తెలియక గొంతులోనే మింగేసింది. లోపలికి వెళ్లి చెప్పొచ్చు. వెనక్కి తిరిగింది. అందరూ క్లాసులకు వెళ్లాక నోటుబుక్కు తెచ్చి సైన్సు మాస్టారి కుర్చీలో పెట్టి వచ్చేసింది.

శనివారం ఎనిమిది కుర్చీలు వేసి కూర్చుంది. పావుగంట గడిచింది. హెడ్మాస్టరు రెండుసార్లు తొంగిచూసి వెళ్లాడు. చివరికి సైన్సు మాస్టారొక్కడే వచ్చాడు, చేతిలో ఆ నోటుబుక్కుతో.

"ఇందులో నా మాటే లేదేంటి మేడమ్?"

"మీ గురించి కాదండీ. పిల్లలు అడిగినవే రాసుకున్నా."

"ఆవిరైన నీళ్లే మళ్లీ వానగా వస్తాయా అని ఎవరడిగారు? నాకు వినపడలేదే."

"మూడో బెంచీ చివరి పిల్ల. పక్కపిల్లతో అంది. మీరు బోర్డు తుడుస్తున్నారు."

అతను జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు. "పాఠం ఆ పిల్ల ప్రశ్నతోనే మొదలెట్టా. చూడండి."

"మిగతావాళ్లు?"

"చెప్పాను. వస్తామనలేదు, రామనీ అనలేదు."

ఆవిడ కాగితం విప్పి అలవాటుగా ఎర్ర కలం తీసింది. అతను తన నీలం కలం ముందుకు జరిపాడు. ఆవిడ అదే తీసుకుని చదవడం మొదలుపెట్టింది, అప్పుడప్పుడూ తలెత్తి గుమ్మం వైపు చూస్తూ. మిగిలిన ఆరు కుర్చీలూ సాయంత్రం దాకా అలాగే ఉన్నాయి. వాటిని ఆవిడ తీయలేదు.