తానన అన్నచోట

నేను ఒక మరచెంబుని. ఈ కాలంవాళ్ళకి ఆ మాట తెలియదు కాబట్టి కొంచెం చెప్పాలి. చెంబులాగే ఉంటాను. మెడ దగ్గర మరలుంటాయి, పైన మూత తిప్పి బిగిస్తారు, పట్టుకోవడానికి ఒక పిడి ఉంటుంది. ప్లాస్టిక్ సీసాలు రాకముందు ఊరు దాటే మనిషి చేతికి మాలాంటివి వేలాడుతుండేవి. ఇంట్లో ఉండే చెంబుని పని అయ్యాక బోర్లిస్తారు, అది పడుకుంటుంది. మాకు ఆ సుఖం లేదు. మనిషికి ఎక్కడికో వెళ్ళాలనిపిస్తే మేమూ బయలుదేరాలి. ఎందుకు వెళుతున్నాడో మనకి చెప్పడు. అలా తిరిగీ తిరిగీ అలిసిపోయాను. అందుకని అన్నీ చెప్పను. ఒక్క ప్రయాణం సంగతి చెబుతాను.

పుట్టింది అజ్జరంలో, కంచరివాళ్ళ కొలిమి దగ్గర. అంతకుముందు నేనేమిటో నాకు తెలియదు. ఓటి గంగాళాలు, కాడ విరిగిన దీపపుసెమ్మెలు అన్నీ మూసలో వేసి కరిగించారు. ఏ ఇంటి గంగాళమో, ఏ ఇంటి దీపమో, ఎవరి పోట్లాటలో పంపకానికి వచ్చిందో, అంతా కలిసి నేనయ్యాను. కంచరి భార్య చింతపండుతో తోమింది. ఎండలో పెడితే మెరిశాను. ఆ మెరుపు ఎక్కువ రోజులు లేదు.

నన్ను కొన్నది తాడంకి బసవలింగం. దివిసీమలో, కృష్ణ సముద్రంలో పడే చోటికి కాస్త ఎగువన ఆయన ఊరు. భాగవతుల మేళంలో పాటగాడు. బండి కట్టుకుని ఊరూరూ తిరిగి ఆటలు ఆడేవాళ్ళు. పొరుగూరి నీళ్ళు తాగితే గొంతు పోతుందని ఆయన భయం. అందుకని శొంఠి వేసి కాచిన నీళ్ళు నాలో పోసుకుని వెంట తెచ్చుకునేవాడు. పాట బాగా వస్తే గొంతు గొప్పతనం అనేవాళ్ళు. రాకపోతే నీళ్ళు మారాయనేవాళ్ళు. నేను అలవాటు పడ్డాను.

ఆ మేళానికి పేరు తెచ్చింది ఒక్క ఆట. దేవుడు ఆకలిగొన్న బాటసారి వేషంలో వస్తే ఒక కాపుపడుచు చేనిగట్టు మీద ఆయనకి అన్నం పెట్టే కథ. ఆడవేషం కట్టి, కాలికి గజ్జె కట్టి బసవలింగం పాడేవాడు.

"ఎండ వాలె నీడ సాగె ఏల రావు సామీ
చేనిగట్టు నడచి నడచి కాలు నొచ్చె సామీ"

ఆ తరవాత పాదం లేదు. అక్కడ "తానన తానన" అనేవాడు. వెనక వంతవాళ్ళు అదే అందుకునేవాళ్ళు. మళ్ళీ ఎండ వాలె. చూసేవాళ్ళకి ఆ తానన అంటేనే ఇష్టం. మాటలకి అందని భక్తి అక్కడ ఉందని ఒక మోతుబరి కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. మాట లేని చోట మనుషులకి చాలా కనిపిస్తుంది.

బసవలింగం మంచాన పడ్డాక కొడుకుని పిలిచాడు. "ఆడొక పాదం ఉండేదిరా. మా నాయనా తాననే అనేవోడు, ఆయన తండ్రీ అంతే. నీకు దొరికితే అతికించు," అన్నాడు. కొడుకు పేరు నాగభూషణం. ఆ పాటా, గజ్జే, నేనూ కలిసే ఆయన చేతికొచ్చాం.

నాగభూషణం బాగా పాడాడు. కాని వయసు మీద పడేసరికి గొంతులో జీర మొదలైంది. బందరు డాక్టరు పాట మానెయ్యమన్నాడు. "ఈ ఏడు తిరనాళ్ళకి ఆడి గజ్జె విప్పేస్తా," అన్నాడు భార్య మంగతాయితో. "కాని అరపాట పాడి ఎట్టా విప్పేది?" ఆవిడ చేటలో బియ్యం చెరుగుతోంది. తలెత్తలేదు. ఆ మాట అంతకుముందు చాలాసార్లు విన్నది.

ఆ రోజుల్లోనే పక్కింటి కొల్లి సాంబయ్య రామేశ్వరం వెళ్ళొచ్చాడు. ప్రసాదం ఇవ్వడానికి వచ్చి అరుగు మీద కూర్చున్నాడు.

"కుంభకోణం అవతల మా బస్సు చెడిపోయింది బావా. పక్క చేలో ఆడోళ్ళు నాట్లేస్తా పాడతన్నారు. అరవం అనుకున్నా. చెవొగ్గితే ఏందీ, మన ఎండ వాలె!"

"తెలుగా?"

"తెలుగే. వాళ్ళు నాయకులంట. తంజావూరిని తెలుగు రాజులు ఏలినప్పుడు మనదిక్కు నుంచి పోయినోళ్ళంట. ఇంకోటి చెప్పనా? వాళ్ళు తానన అనటంలా. ఆడేదో మాటుంది."

"ఏం మాట?"

"ఈలోపల బస్సు బాగైంది బావా. డ్రైవరు హారన్ కొట్టాడు."

నాగభూషణం ఆయన్ని కొట్టినంత పని చేశాడు. "దేవుణ్ణి చూడటానికి అంతదూరం పోయినోడివి, ఆ మాటేందో ఇనటానికి గట్టు దిగలేకపోయావా?" అన్నాడు. సాంబయ్య ప్రసాదం అక్కడే పెట్టేసి వెళ్ళిపోయాడు.

అలా బయలుదేరాం. నన్ను కృష్ణ నీళ్ళతో నింపారు. మంగతాయి కూడా వచ్చింది. రాకపోతే ఆయన తిండి మర్చిపోతాడని ఆవిడకి తెలుసు. రైలులో కిటికీ పక్కన నన్ను కొక్కేనికి తగిలించారు. దారిపొడుగునా ఊగుతూనే ఉన్నాను. చెట్లు మారలేదు, పొలాలు మారలేదు, స్టేషన్ల మీద రాత మారింది. నాగభూషణం ఆ రాతలు చదవలేక ప్రతి స్టేషన్లోనూ దిగబోయాడు.

ముందు తంజావూరులో కోట చూశారు. ఆ రాజుల కొలువులో మన తెలుగులో పాటలు పాడారని, ఆటలు ఆడారని ఆయన మంగతాయికి చెబుతున్నాడు. పెద్ద హాలు, పావురాలు. ఆయన స్తంభాన్ని చేత్తో తడిమాడు. "ఈడే పాడుంటారు," అన్నాడు. "ఎవరు?" అంది మంగతాయి. "మనోళ్ళు." ఆవిడ పావురాల రెట్ట తొక్కకుండా చూసుకుంటూ నడిచింది. అద్దాల పెట్టెల్లో తాటాకులున్నాయి, వాటి మీద తెలుగు అక్షరాలున్నాయి. ఆయన కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ఒక ఆకే కనబడుతుంది, మిగతావి దాని కింద ఉన్నాయి. అక్కడి మనిషిని అడిగితే ఆయన అరవంలో ఏదో చెప్పాడు. మర్యాదగానే చెప్పాడు.

మర్నాడు మధ్యాహ్నానికి నాయకుల ఊరు చేరాం. కావేరి పాయ పక్కన పెంకుటిళ్ళు. పాట తెలిసిన పెద్దమనిషి ఎవరని అడిగితే వెంగడం తాత ఇల్లు చూపించారు. తెల్లటి మీసాలు, మోకాళ్ళ మీదికి పంచె. ఎండ వాలె పాట కోసం కృష్ణ ఒడ్డు నుంచి వచ్చామనేసరికి ఆయన లేచి నాగభూషణం రెండు చేతులూ పట్టుకున్నాడు.

"అంతదూరం నుండి వస్తిరా సామీ! మా తాతలు విడిచి వచ్చిన దిక్కు నుండి! ఏల నిలబడినారు, కూసోండి, కూసోండి."

మంగతాయి మొగుడి చెవిలో, "ఇదేందండీ, మీ ఆటలో మాటలు వీళ్ళు ఇంట్లో మాట్లాడతన్నారు," అంది. నాగభూషణం మొహం వెలిగిపోయింది. నేను ఆ మొహాన్ని అలా చూడటం అదే మొదలు.

ఇంతలో తాత కోడలు అలమేలు గడపలోకి వచ్చింది. చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ నవ్వుతూ పిలిచింది.

"కాళ్ళు కడుక్కోని రాండి. కూడు వండినాను. వేడిగా ఉండాది, తినండి."

నాగభూషణం మొహంలో వెలుగు ఆరిపోయింది.

మా దివిసీమలో ఆ మాట తిట్లలోనే వినపడుతుంది. బిచ్చమెత్తుకునేది కూడు. పనీపాటా లేనివాడు తినేది కూడు. చుట్టానికి పెట్టేది అన్నం, గౌరవం ఉంటే భోజనం. గుమ్మంలోకి వచ్చిన మనిషిని కూడు తినమంటే ఇక అనడానికి ఏం మిగల్లేదు.

"మేం తినే వచ్చాం," అన్నాడాయన.

అది అబద్ధం. పొద్దుటి నుంచి వాళ్ళు నా నీళ్ళే తాగుతున్నారు. ఆ మాట అంటూనే నన్ను అందుకుని గటగటా సగం ఖాళీ చేశాడు. అలమేలు ఏం తప్పు చేశానా అని మామ వైపు చూసింది.

వెంగడం తాత కోడలిని లోపలికి వెళ్ళమని సైగ చేశాడు. "మీరు పాట కోసరం వస్తిమంటిరే," అన్నాడు. "ఆ పాట మా ఇంట తిన్నవారికే పాడుతాము సామీ. కడుపు కాలేవాని ముందర పాడితే ఎగతాళి చేసినట్టు. మా పెద్దలు అట్ల పెట్టినారు."

"నాకు ఆకలి లేదండి."

"అట్లయితే ఆకలైనంక పాడుతాను."

ఇద్దరూ చెరో స్తంభానికి ఆనుకుని కూర్చున్నారు. ఇద్దరికీ పట్టుదలే. పొరుగింటి మేక వచ్చి ఇద్దరినీ చూసి వెళ్ళిపోయింది. మంగతాయి మొగుణ్ణి కొంచెం దూరం తీసుకెళ్ళి నచ్చజెప్పబోయింది.

"కూడంటదేందే? మనమేమన్నా అడుక్కోటానికి వచ్చామా?" అన్నాడాయన పళ్ళ మధ్య నుంచి. "పద, సాయంత్రం బస్సుకి పోదాం."

"ఆ పిల్ల నవ్వుతా పిలిచింది. నవ్వుతా తిట్టేవోళ్ళు ఎవరైనా ఉంటారా?"

"మాట మాటే."

"నాకైతే కడుపులో మండతంది. ఆ చెంబిట్టా ఇయ్యండి. మీ మర్యాద మీరు తినండి," అని నన్ను లాక్కుని లోపలికి నడిచింది.

వంటింట్లో పొగ, చింతపండు పులుసు వాసన. అలమేలు పీట వేసి ఆకు పరిచింది. పొయ్యి మీది కుండని మసిగుడ్డతో పట్టుకుని దించింది. అలా దించేటప్పుడు పాడటం ఆవిడకి అలవాటులా ఉంది. ఎవరికోసమూ కాదు, గొంతు పెంచకుండా పాడింది.

"చేనిగట్టు నడచి నడచి కాలు నొచ్చె సామీ
కూటికుండ దించినాను కూడు తినర సామీ"

మంగతాయి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

"మళ్ళీ పాడమ్మా."

అలమేలు సిగ్గుపడి మళ్ళీ పాడింది. మంగతాయి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వీ నవ్వీ కళ్ళ నీళ్ళు వచ్చాయి.

"ఏల నవ్వుతారక్కా?"

"మా ఇంట్లో మగోళ్ళు ఈ పాదం కోసం దేవులాడతా పోయారే తల్లీ. ఇయ్యాళ అది ఎదురొచ్చి రమ్మంటే మా ఆయన అలిగి అరుగు మీద కూచున్నాడు."

ముద్ద ఆకులో పెట్టి, ఎడంచేత్తో నన్ను పట్టుకుని, ఎంగిలి చెయ్యి అలాగే ఉంచుకుని వీధిలోకి వచ్చింది. మొగుడి ముందు నిలబడి ఆ పాదం చెప్పింది. పాడటం రాదు కాబట్టి ఊరికే చెప్పింది.

నాగభూషణం వేళ్ళు మోకాలి మీద తాళం వేసి చూసుకున్నాయి. సరిగ్గా కూర్చుంది.

"మనోళ్ళు మర్చిపోలేదే మంగతాయీ," అన్నాడు చివరికి.

"ఊఁ."

"తీసేశారు. ఏ పెద్దిళ్ళ ముందు ఆడేటప్పుడో సిగ్గేసి తీసేశారు."

ఆయన లేచి, నాలో మిగిలిన కృష్ణ నీళ్ళతో కాళ్ళు కడుక్కున్నాడు. గడప దగ్గర తలొంచి లోపలికి చూశాడు. "అమ్మా, నాక్కూడా..." అని ఆగాడు. ఎంత పెద్ద పద్యమైనా ఒక్క ఊపులో అనే మనిషి, ఆ రెండక్షరాల దగ్గర గుటకలు మింగాడు. "నాక్కూడా కూడు పెట్టు తల్లీ."

తాత నవ్వుతూ వచ్చి పక్క పీట మీద కూర్చున్నాడు. నాగభూషణం తినేంతవరకూ ఉండి, చెయ్యి కడిగాక పాడాడు. బోసినోటి పాట. అయినా ఎక్కడా తానన లేదు.

తిరిగి వచ్చేటప్పుడు అలమేలు నన్ను కావేరి నీళ్ళతో నింపింది. మళ్ళీ కొక్కెం, మళ్ళీ ఊగడం. దారి పొడుగునా ఆయన పెదవులు కదులుతూనే ఉన్నాయి.

తిరనాళ్ళ ముందు కమిటీ తరఫున శేషగిరి వచ్చాడు. మైకూ, షామియానా ఏర్పాట్లు చూసేది ఆయనే.

"బాబాయ్, పాట దొరికిందంట, సంతోషం. కాని ఎమ్మెల్యేగారు ముందు వరసలో ఉంటారు. మైకులో కూడు తినరా అంటే ఏం బాగుంటది? కావాలంటే భోజనము చేయర సామీ అనండి."

"తాళానికి కూర్చోదు."

"అయితే తాననే ఉంచండి. ఇన్నేళ్ళూ దానికి చప్పట్లు కొట్టామా లేదా? ఇప్పుడు అది తప్పంటే మా చప్పట్లన్నీ ఏం కావాలి?"

నాగభూషణం గజ్జె తుడుచుకుంటూ కూర్చున్నాడు. ఆయన ఒప్పుకున్నాడనుకుని శేషగిరి వెళ్ళాడు.

దీపాలు పెట్టే వేళకి ఆట మొదలైంది. మంగతాయి నన్ను ఒళ్ళో పెట్టుకుని పక్కవాటుగా కూర్చుంది. గొంతు మొదటి నుంచీ బరువుగా ఉంది. చేనిగట్టు నడచి నడచి అన్నాడు. కాలు నొచ్చె సామీ అన్నాడు. ఆ తరవాత పాదం ఎత్తుకున్నాడు గాని, వంతవాళ్ళు అలవాటు కొద్దీ తానన అందుకున్నారు. తాళాలు, హార్మోనియం, మైకు. ఆయన నోరు కదలడమే కనబడింది. జనం చప్పట్లు కొట్టారు.

ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి, తాళాలు వేసేవాడి చేతుల మీద తన చెయ్యి పెట్టాడు. హార్మోనియం దానంతట అది ఆగిపోయింది. అప్పుడు ఒక్కడే పాడాడు. కూటికుండ దించినాను. గొంతు చిరిగింది. కూడు తినర సామీ అనేటప్పటికి పాట పోయి గాలి మిగిలింది. ఆ గాలినే మైకు ఊరంతటికీ వినిపించింది.

ముందు వరసల్లో నవ్వులు వినబడ్డాయి. వెనక ఎవరో ఈల వేశారు. ఆయన అక్కడే కూర్చుని గజ్జె విప్పాడు. వచ్చి నా మూత తిప్పి నీళ్ళు తాగాడు. ఆ గొంతు మళ్ళీ రాలేదు. తరవాత బతికినన్నాళ్ళూ గుసగుసగానే మాట్లాడాడు. ఆ ఒక్క మాట కోసం గొంతు పోగొట్టుకున్నాడని ఊళ్ళో అన్నారు. ఆయన మొహం చూస్తే పోగొట్టుకున్నవాడిలా ఉండేది కాదు.

మరుసటేడు నాగభూషణం మేనల్లుడు గజ్జె కట్టాడు. మంచి గొంతు. తానన అన్నాడు. జనం తలలూపారు. పక్కవాటున మంగతాయీ నాగభూషణమూ కూర్చుని ఉన్నారు. తానన అన్నచోట ఆవిడ తనలో తను ఆ పాదం అనుకుంది. ఆవిడతో పాటు ఆయనా పెదవులు కదిపాడు. అంత చప్పుడులో అది నాకు తప్ప ఎవరికీ వినబడలేదు. నేను ఆవిడ ఒళ్ళో ఉన్నాను కాబట్టి విన్నాను. ఏటేటా అంతే. ఆయన పోయాక ఆవిడ ఒక్కతే వచ్చి అనుకునేది. ఊళ్ళో పాట ఏడాదికొకసారి పూర్తయ్యేది, ఎవరికీ తెలియకుండా.

తరవాత ఆవిడా లేదు. ఆఖరి తిరనాళ్ళ నుంచి వచ్చి నన్ను అటక మీద పెట్టిన మనిషి మళ్ళీ దించలేదు. అటక మీద మూత పట్టేసింది. ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు కుక్కరు మూతలతో పాటు నన్నూ సంచిలో వేశారు.

ఇప్పుడు అవనిగడ్డ రోడ్డులో పాత సామాన్ల కొట్టు ముందు ఉన్నాను. నిన్న కొట్టతను నన్ను తీసి మూత తిప్పబోయాడు. రాలేదు. మోకాళ్ళ మధ్య ఇరికించుకుని బలం పెట్టాడు. అయినా రాలేదు. చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు.

"లోపల ఏదో మిగిలుందే," అన్నాడు.

ఇంకోసారి ఊపి, కరిగించడానికి పోగేసిన ఇత్తడి కుప్ప వైపు విసిరాడు.